నిజాం నగలు అడుగుతున్నాం, సరే. మీనాకారు చేతుల సంగతి ఎవరడుగుతారు?

మా అమ్మ వదిలి వెళ్లిన వస్తువులలో బంగారం అనదగినది ఒక్క జత కరన్‌ఫూల్ మాత్రమే. ముందువైపు తెల్లరాళ్లు పొదిగి ఉండేవి. వాటిలో కొన్ని ఎప్పుడో ఊడిపోయాయి. వెనుకవైపు మాత్రం చెక్కుచెదరలేదు. నడుమ ఎర్రని పువ్వు, దానికి పచ్చని ఆకులు, చుట్టూ పాలవంటి తెలుపు. చెవి తమ్మెకు ఆనుకొని ఉండే ఆ పనితనాన్ని అమ్మ తప్ప మరొకరు చూసి ఉండరు.

కొన్నేళ్ల క్రితం మేనకోడలి నికాహ్ సందర్భంగా వాటిని మార్పించి ఒక గొలుసు తీసుకోవాలని అబిడ్స్‌లోని ఒక దుకాణానికి వెళ్లాను. బల్ల వెనుక కూర్చున్న కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. ముందు రాళ్లు తీసి పక్కన పెట్టాడు. తరువాత మొనదేలిన పనిముట్టుతో ఆ పువ్వును, ఆకులను పెచ్చులు పెచ్చులుగా రాల్చి, పొడిని కాగితం మీదికి ఊది, మిగిలిన బంగారాన్ని తూచాడు. “మీనా బరువు పోతుంది సాబ్, అది గాజే కదా” అన్నాడు.

ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో పద్దులు రాసిన గుమాస్తాను నేను. ఏది జమ, ఏది ఖర్చు అన్నది కళ్లు మూసుకొని చెప్పగలనని నా నమ్మకం. ఆనాటి లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. బంగారానికి విలువ కట్టారు. ఊడక మిగిలిన రాళ్లకు సైతం ఎంతో కొంత కట్టారు. మొత్తం నగలో అన్నింటికంటె కష్టమైన పని ఏదో దానిని తరుగు కింద రాశారు. ఒక మనిషి జీవితకాలపు విద్య బిల్లులో తీసివేతగా మారింది. నేను నోరు మెదపలేదు. ఆ తప్పు నాది. ఈ వ్యాసం ఆ తప్పుకు పరిహారం కాదు గాని, ఆ మౌనం మన సముదాయమంతటిదీ అని చెప్పక తప్పదు.

నిజాం నగలను శాశ్వతంగా హైదరాబాదుకు తీసుకురావాలన్న డిమాండు మన సభలలో తరచు వినిపిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952 సంవత్సరాలలో ఏర్పాటు చేసిన ట్రస్టుల ఆధీనంలో ఉండిన ఆ నగలను, సుదీర్ఘమైన కోర్టు వ్యవహారం తరువాత 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. మొత్తం 173 నగలు. 2001లోను, 2006లోను సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని మన నగర ప్రజలకు చూపించారు. 2019లో ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో ప్రదర్శించారు. తక్కిన కాలంలో ఎక్కువ భాగం అవి రిజర్వు బ్యాంకు భద్రతలో, చీకటిలో ఉన్నాయి. అవి ఇక్కడికి రావాలన్న వినతిపత్రాల మీద నేనూ సంతకాలు చేశాను. అడిగితే మళ్లీ చేస్తాను.

అయితే ఆ నగల కోసం గొంతెత్తిన వేదికలలో ఒక్కదాని మీదనైనా, వాటి వెనుకవైపు మీనా వేసిన విద్య ఈ నగరంలో ఇంకా ఎన్ని చేతులలో మిగిలి ఉన్నదని అడిగిన వక్తను నేను చూడలేదు. తాళం వేసిన పెట్టెలోని నగ ఇంకో వంద సంవత్సరాలైనా అలాగే ఉంటుంది. పాతబస్తీ గదిలో కొలిమి ముందు కూర్చున్న వృద్ధుడు ఉండడు. నగలను తరువాత అడగవచ్చు. చేతులను ఇప్పుడే అడగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

నగ వెనుక ఏముంది

మీనా అంటే రంగు పూత అనుకుంటారు చాలామంది. అది పూత కాదు, లోహం మీద కరిగించిన గాజు. మొదట బంగారు పలక మీద చెక్కుడు పనివాడు ఉక్కు కలముతో పువ్వు, ఆకు, చిలుక ఆకారాలను లోతుగా తొలుస్తాడు. అలా తొలిచిన గుంటల అడుగున సన్నని గీతలు గీస్తాడు. గాజు పట్టు చిక్కించుకొనేది ఆ గీతలనే. తరువాత మీనాకారు గాజు గడ్డను రాతి కల్వంలో నీటితో మెత్తగా నూరి, కడిగి, సన్నని పుల్లతో ఆ గుంటలలో నింపుతాడు. తేమ ఆరాక కొలిమిలో పెడతాడు. ఏడెనిమిది వందల డిగ్రీల వేడిలో ఆ పొడి కరిగి లోహాన్ని అంటుకొంటుంది. చల్లారేటప్పుడు గాజు కుంగుతుంది. మళ్లీ నింపాలి, మళ్లీ కాల్చాలి.

రంగులన్నీ ఒకే వేడిని తట్టుకోవు. అందువల్ల ఎక్కువ వేడికి నిలిచే తెలుపు ముందు, తరువాత నీలం, పచ్చ, అన్నింటికంటె సుకుమారమైన ఎరుపు చివర. కోబాల్టు నీలాన్ని ఇస్తుంది, రాగి పచ్చను ఇస్తుంది, తగరం తెలుపును ఇస్తుంది. కొలిమిలో నగ కొన్ని క్షణాలు ఎక్కువ ఉంటే ఎరుపు నల్లబడుతుంది. అంతకుముందు రోజుల తరబడి చేసిన పనంతా వ్యర్థమవుతుంది. ఆ క్షణాన్ని చెప్పే గడియారం లేదు. కంటిచూపే గడియారం. చివరకు కురువింద రాయితో అరగదీసి, చింతపండు పులుసుతో కడిగితే మెరుపు తేలుతుంది.

ఇంత శ్రమను వెనుకవైపు ఎందుకు దాచారని అడగవచ్చు. కుందన్ నగలలో వాడే మేలిమి బంగారం మెత్తనిది. రోజూ ఒంటికి రాసుకొంటే అరిగిపోతుంది. గట్టిదైన గాజు దానిని కాపాడుతుంది. ముందువైపు రాళ్లు సభకోసం. వెనుకవైపు మీనా ధరించిన వ్యక్తి కోసం. నిజాం నగలలో అనేకం వెనక్కి తిప్పి చూస్తే ఎరుపు, పచ్చ, తెలుపు రంగులలో మీనా పని కనిపిస్తుంది. ప్రదర్శనలో అద్దం వెనుక నిలబెట్టిన నగకు చాలాసార్లు ముందువైపే చూపిస్తారు కాబట్టి మనవాళ్లు దానిని గమనించలేదు.

ఈ పనికి ఒకప్పుడు కట్టిన విలువ ఎంతో తెలుసుకోవాలంటే అబుల్ ఫజల్ రాసిన ‘ఐనె అక్బరీ’ని చూడాలి. అక్బరు కాలంలో మీనాకారుకు తులం బంగారం మీద పనికి 16 దాములు, తులం వెండి మీద పనికి 7 దాములు కూలి అని అందులో నమోదైంది. అదే గ్రంథం ప్రకారం సాధారణ కూలివానికి రోజుకు 2 దాములు. అంటే తులం బంగారం మీద మీనా వేస్తే ఎనిమిది రోజుల కూలి. నాలుగు శతాబ్దాల కిందటి చక్రవర్తి గుమాస్తా మీనాను విడి పద్దుగా రాశాడు. నేటి అబిడ్స్ కంప్యూటరు బిల్లులో ఆ పద్దు లేదు.

పేరు ఎవరికి దక్కింది

అబిడ్స్ అన్న పేరు ఎలా వచ్చిందో పాఠకులకు తెలిసే ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ పరిచారకుడు ఉండేవాడు. ఆయన నడిపిన దుకాణం వల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు స్థిరపడింది. 1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే వర్తకుడు నిజాంకు ఒక పెద్ద వజ్రాన్ని అమ్మజూపినప్పుడు మధ్యవర్తిగా నడిచినవాడు ఈ ఆబిదే. ఆ బేరం చెడి కలకత్తా కోర్టుదాకా వెళ్లింది. 184.75 క్యారెట్ల ఆ వజ్రం నేడు ఆ 173 నగలలో ఒకటి. దానిని లోకమంతా జేకబ్ వజ్రం అనే పిలుస్తుంది.

అమ్మినవాని పేరు వజ్రానికి మిగిలింది. మధ్యవర్తి పేరు ఏకంగా నగరం నడిబొడ్డుకు మిగిలింది. కొన్న నిజాం పేరు చరిత్రలో ఉంది. మరి సర్పేచ్‌ల వెనుక, సత్లడాల వెనుక చిలుకలను, పువ్వులను కరిగించిన పోసినవారు ఎవరు? ఏ గల్లీలో ఉండేవారు? వారి ఉస్తాద్ ఎవరు? మ్యూజియం చీటీ మీద ‘దక్కన్’ అనో, ‘హైదరాబాద్’ అనో ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, మనిషి ఉండడు.

ఇది గతకాలపు అన్యాయం మాత్రమే అయితే నేను కలం పట్టేవాడిని కాదు. నేడు ప్రతి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ గుర్తు ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా బంగారు నగలు అమ్మకూడదు. ఆ గుర్తును ఫోనులో నమోదు చేస్తే నగ అమ్మకందారు ఎవరో, పరీక్షించిన కేంద్రమేదో, బంగారం స్వచ్ఛత ఎంతో తెలుస్తుంది. చేసినవాడెవరో తెలియదు. పైగా కుందన్, పోల్కి, జడావు నగలకు ఆ హాల్‌మార్క్ నిబంధన నుంచే మినహాయింపు ఉంది. అంటే మీనా పని ఎక్కువగా ఉండే నగలే ఏ నమోదు పుస్తకంలోను లేకుండా చేతులు మారవచ్చు. జేకబ్ కాలం నుంచి నేటివరకు పద్ధతి మారలేదు. యంత్రం మాత్రమే మారింది.

ఈ విద్య ఎలా క్షీణించింది

మీనాకారీ తనంతట తానే చావలేదు. దాని మీద దెబ్బ మీద దెబ్బ పడింది.

మొదటిది 1948. సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీరులు రద్దయ్యాయి. జాగీర్దారీ పోవలసిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ జాగీర్దారుల ఇళ్లకు నగలు చేసి బతికిన కారీగర్లకు ప్రత్యామ్నాయం ఏమిటని ఎవరూ ఆలోచించలేదు. నవాబుకు పరిహారం అందింది. నవాబు నగకు రంగు వేసినవానికి ఏమీ అందలేదు.

రెండవది 1963. జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయరాదన్నాయి. 14 క్యారెట్ల బంగారంలో ఐదింట రెండు వంతులకు పైగా రాగివంటి ఇతర లోహమే. కొలిమిలో ఆ లోహం నల్లబడి రంగును చెడగొడుతుంది. మేలిమి బంగారం లేనిదే మంచి మీనా లేదు. ఆ నిబంధన తరువాత సడలినా 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990 దాకా కొనసాగింది. ఆ కాలంలో విశ్వబ్రాహ్మణ కంసాలి సోదరులు ఎంత నలిగిపోయారో తెలుగు నేల మీద వయసు మళ్లినవారందరికీ తెలుసు. వారు బంగారం మలిస్తేనే మనవాడు రంగు వేసేది. వారి కొలిమి ఆరితే మన కొలిమీ ఆరింది. ఈ పోరాటంలో వారు మన పక్కన నిలవవలసినవారు. మనం వారి పక్కన నిలవవలసినవారం.

మూడవది ఇప్పటిది. అచ్చులో పోసిన నగ మీద రంగు జిగురు పోసి, ఆరబెట్టి, దానినే మీనా అని అమ్ముతున్నారు. దానికి కొలిమి అక్కరలేదు, ఉస్తాద్ అక్కరలేదు. కొనేవారికి తేడా చెప్పరు. పాఠకులు ఇంట్లోనే గుర్తుంచుకోదగిన విషయం ఒకటి: కాల్చిన మీనా గాజు కనుక సూదిమొన దాని మీద జారిపోతుంది, జిగురు రంగు మీద గీత పడుతుంది. ఒకటి తరాల పాటు నిలుస్తుంది, మరొకటి కొన్నేళ్లకే వన్నె తగ్గుతుంది. రెండింటికీ ఒకటే పేరు పెట్టి అమ్మడం పచ్చి మోసం.

నాకు తెలిసిన ఒక ఉస్తాద్ పాతబస్తీలో ఉన్నారు. డెబ్బయి దాటాయి. ఆయన ఉర్దూలో చెప్పినదానిని తెలుగులో ఇస్తున్నాను: “మా అబ్బా తెలుపు, పచ్చ, నీలం రంగుల గాజు కరిగించడం నేర్పారు. ఎరుపు నేర్పడానికి ఇంకా వయసు రాలేదన్నారు. అంతలోనే అల్లాహ్ పిలుచుకున్నాడు. ఇప్పుడు ఎరుపు గడ్డ బయటినుంచి వస్తుంది, కొంటాను, వేస్తాను. మా ఇంటి ఎరుపు ఎలా ఉండేదో పాత నగ మీద చూసి గుర్తు చేసుకుంటాను భాయిసాబ్.” ఆయన ఇద్దరు కొడుకులలో ఒకరు ఆటో నడుపుతున్నారు, ఇంకొకరు సెల్‌ఫోన్ల దుకాణంలో ఉన్నారు. అప్పు కోసం ఒక కార్యాలయానికి వెళ్తే దుకాణం లైసెన్సు తెమ్మన్నారట. “దుకాణం ఉంటే అప్పెందుకు” అని నవ్వి తిరిగి వచ్చారు. ఆ నవ్వు నన్ను బాధపెట్టినంతగా మరేదీ బాధపెట్టలేదు.

నేడు నగరంలోని నగల కార్ఖానాలలో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కారీగర్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారిలో ముస్లింలు ఎందరో. ఇరుకు గదులలో, దీపం ముందు, పన్నెండేసి గంటలు పనిచేస్తారు. వారి రాకవల్లనే మన పిల్లలకు పని పోయిందని మనవాళ్లే కొందరు గొణుగుతారు. ఆ మాట తప్పు. మనం వదిలేసిన పీట మీద వారు కూర్చున్నారు. పైగా బెంగాలీ మాట్లాడితే చాలు విదేశీయుడన్న అనుమానం దేశంలో పలుచోట్ల ప్రబలుతున్న రోజులివి. గుర్తింపు కాగితం జేబులో పెట్టుకొని భయంభయంగా తిరిగే కారీగర్‌కు హైదరాబాదు ముస్లిం సముదాయం అండగా నిలవకపోతే మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే అర్హత మనకుండదు.

మనవాళ్లు చెప్పే మాటలు, నా సమాధానాలు

“ఇది నవాబుల విలాసం, పేద సముదాయానికి దీనితో ఏం పని?” అని ఒక మిత్రుడు అన్నాడు. ధరించినది నవాబు, నిజమే. చేసినవాడు ఎవరు? నేలమాళిగవంటి గదిలో సీసపు పొగ పీల్చి, నలభయ్యేళ్లకే చూపు మందగించినవాడు. విలాసం వాడిది కాదు. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న బోధను శుక్రవారం వింటాం. శనివారం నగల దుకాణంలో మజూరీ తగ్గించమని బేరమాడతాం. దుకాణదారు తన లాభం తగ్గించుకోడు. ఆ తగ్గింపు చివరికి కొలిమి ముందు కూర్చున్నవాని కూలిలోంచే పోతుంది.

“మన పిల్లలకు చదువు కావాలి, చేతిపని కాదు” అని మరొకరు అన్నారు. చదువు కావాలి. నేను పట్టభద్రుణ్ణి, నా జీతం చదువువల్లనే వచ్చింది. అయితే సచార్ కమిటీ 2006లో ఏమని తేల్చింది? ముస్లిం కార్మికులలో స్వయం ఉపాధి మీద, ఇంటివద్ద చేసుకునే పనుల మీద బతికేవారి భాగం ఇతరులకంటె ఎక్కువని, బ్యాంకు రుణాలలో మాత్రం వారికి దక్కేది తక్కువని. ఆ ఇళ్లలోని పిల్లవాడు బడి మానేసేది తండ్రి కూలి చాలకనే. తండ్రి కూలి పెంచడం కూడా విద్యా ఉద్యమంలో భాగమే. పైగా ఏ వేడికి ఏ గాజు కరుగుతుందో, ఏ లోహం ఏ రంగునిస్తుందో తెలిసినవాడిని చదువులేనివాడనడం మన అజ్ఞానం.

“మార్కెట్ తేలుస్తుంది” అని వర్తక మిత్రులు అంటారు. వారణాసి సంగతి చూడండి. అక్కడి గులాబీ మీనాకారీకి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2021లో మన ప్రధానమంత్రి అమెరికా ఉపాధ్యక్షురాలికి ఆ మీనా పనితో చేసిన చదరంగం బల్లను కానుకగా ఇచ్చారు. దానితో వారణాసి మీనా పేరు పత్రికలన్నింటికీ ఎక్కింది. వారణాసి కారీగర్లకు అది దక్కినందుకు నాకు సంతోషమే. ప్రభుత్వం పూనుకుంటే మార్కెట్ ఎలా తయారవుతుందో అది నిరూపించింది. హైదరాబాదు మీనాకు ఆ గుర్తింపు లేదు. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో వచ్చింది. కారీగర్ల సంఘం ఒకటి దరఖాస్తు పెట్టి పట్టు విడవకుండా నిలిచినందువల్ల వచ్చింది. మీనాకు రాకపోవడానికి కారణం, అడిగినవారు లేకపోవడమే.

ఇక మన ఇంటి తప్పులు. రంగు రహస్యాన్ని కొడుక్కు కూడా సగమే చెప్పి చనిపోయిన ఉస్తాద్‌లు ఎందరో. కూతుళ్లకు అసలే చెప్పలేదు. సన్నని పుల్లతో గాజు నింపడానికి ఆడపిల్లల చేతులు పనికిరావా? ఇంట్లోనే ఉండి చేయదగిన ఈ పనిలో వారికి చోటివ్వకపోవడం మనం చేసిన నష్టం. కారీగర్ నుంచి ముక్క లెక్కన కొని నాలుగింతలకు అమ్మే మధ్యవర్తులలో మన పేర్లవారూ ఉన్నారు. ఎదుటివారిని వేలెత్తి చూపేముందు ఈ మాట ఒప్పుకోవాలి.

ఏమడగాలి

అబిడ్స్ కూడలి నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ వరకు నడిస్తే అరగంట పడుతుంది. మనం అడగవలసినవన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

మొదటిది అబిడ్స్ బిల్లు. హాల్‌మార్క్ రుసుమును, బంగారం నికర బరువును బిల్లులో విడిగా చూపాలన్న నియమం ఇప్పటికే ఉంది. అదే విధంగా మీనా కాల్చినదో, జిగురుదో రాయాలి. మీనా కూలిని విడి పద్దుగా చూపాలి. పాత నగ మార్చేటప్పుడు మీనాను ఊరికే గీకి పారవేయకుండా, దానికి విలువ కట్టించుకొనే హక్కు యజమానికి ఉండాలి.

రెండవది గుర్తింపు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. స్వర్ణకారుడు ఉన్నాడు, మీనాకారు విడిగా లేడు. ఆ పథకంలో హామీ లేకుండా మొదట 1 లక్ష, తరువాత 2 లక్షల రూపాయల రుణం 5 శాతం వడ్డీకి ఇస్తారు. పనిముట్లకు 15,000 రూపాయలు. కుటుంబానికి ఒక్కరికే అన్న షరతు ఉంది. తండ్రి చెక్కి, కొడుకు రంగు నింపే ఇంట్లో ఆ షరతు ఒకరికి ఇచ్చి ఒకరికి ఎగ్గొడుతుంది. 2007 నాటి బీసీ-ఇ జాబితాలోని 14 వర్గాలలో రాళ్లు కొట్టేవారు, అత్తరు సాయిబులు, హజాములు వృత్తుల పేర్లతో ఉన్నారు. మీనాకారు అన్న పేరు అక్కడా కనిపించదు. ముందుగా నగరంలోని మీనాకారులను ఇంటింటికీ తిరిగి లెక్కించాలి. పద్దులో లేనివానికి బడ్జెటులో చోటుండదని గుమాస్తాగా నాకు తెలుసు.

మూడవది నాంపల్లి హజ్ హౌస్. మైనారిటీ ఆర్థిక సంస్థ ఉన్నది అక్కడే. ఆ సంస్థ మన అక్కచెల్లెళ్లకు కుట్టుమిషన్లు ఇస్తుంది, మంచిదే. అదే జాబితాలో ఒక చిన్న విద్యుత్ కొలిమిని చేర్చమని అడుగుదాం. దుకాణం లైసెన్సుకు బదులు ఉస్తాద్ ధ్రువపత్రాన్ని అంగీకరించమని అడుగుదాం. మైనారిటీ వృత్తి కళల కోసం 2015లో కేంద్రం ప్రారంభించిన ఉస్తాద్ పథకాన్ని తరువాత పీఎం వికాస్‌లో కలిపారు. దాని కింద హైదరాబాదు మీనాకు శిక్షణ కేంద్రం కోరవలసినది రాష్ట్ర ప్రభుత్వమే.

నాలుగవది చోటు. హజ్ హౌస్ పక్కనే వక్ఫ్ బోర్డుకు చెందిన బహుళ అంతస్తుల భవనం ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచిపోయింది. సముదాయపు ఆస్తి సముదాయపు చేతులకు పనికిరాకపోతే ఎందుకు? అందులో ఒక్క అంతస్తు కారీగర్లకు ఇవ్వమని అడుగుదాం: గాలి, వెలుతురు, పొగ బయటికి పోయే ఏర్పాటు, కంటి పరీక్ష, ఆడపిల్లలకు విడి గది.

ఐదవది నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ఆ ప్రదర్శనను ప్రారంభించినది స్థానిక ఉత్పత్తులను చూపడానికే. 1946లో అది నేటి నాంపల్లి మైదానానికి వచ్చింది. ప్రతి జనవరిలో లక్షలాది మంది తిరిగే ఆ మైదానంలో నగర చేతివృత్తులవారికి ఒక వరుస ఉచితంగా ఇవ్వాలి. మీనాకారు అక్కడ కొలిమి పెట్టి అందరి ముందు పని చేయాలి. పని చూసినవారు బేరమాడరు.

చివరిది పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం. అక్కడ ఈజిప్టు మమ్మీని చెడిపోకుండా ప్రత్యేకమైన గాజుపెట్టెలో కాపాడుతున్నారు. వేల ఏళ్ల కిందట మరణించినవారి పట్ల ఆ శ్రద్ధ మంచిదే. బతికున్న ఉస్తాద్ నోటి మాటను, చేతి కదలికను చిత్రీకరించి భద్రపరచడానికి అంత ఖర్చు కాదు. నిజాం నగలు ఏదో ఒకనాడు హైదరాబాదుకు వస్తే, వాటిని వెనుకవైపు కూడా కనిపించేలా నిలబెట్టాలి. ఆ పక్కనే నేటి మీనాకారుల పని, వారి పేర్లతో సహా ఉండాలి.

సోదర సోదరీమణులారా, ఈ పత్రిక మూసిన తరువాత ఒక పని చేయండి. ఇంట్లో దాదీ, నానీల నాటి నగ ఏదైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. రంగు కనిపిస్తే దానిని గీకించకండి. మార్పించవలసి వస్తే ముందు ఒక మీనాకారుకు చూపించండి. మీ గల్లీలో ఆ పని తెలిసినవారు ఉంటే, వారి వయసు, తెలిసిన రంగులు, నేర్చుకోదలచిన పిల్లల సంఖ్య రాసి పెట్టండి.

పైన చెప్పిన ఆరు కోరికలతో వినతిపత్రం నేను తయారుచేసి ఉంచాను. అర్జీ రాయడం నాకు చేతనైన పని. హజ్ హౌస్ మెట్లెక్కి దానిని అందజేయడానికి ఒక గుమాస్తా సంతకం చాలదు. మీ సంతకాలు కావాలి, వాటికంటె ముందు ఆ ఉస్తాద్‌ల సంతకాలు కావాలి. ఎరుపు నేర్చుకోకుండానే ముసలివాడైన ఆ పెద్దాయన మొదటి సంతకం చేస్తానన్నారు.